జోడు గొట్టాల ట్రాంబోన్

ఆ నగరంలో ఇత్తడి వాయిద్యాలకు సొట్టలు తీసి, అతుకులు పెట్టి, బిగుసుకుపోయిన గొట్టాలను మళ్ళీ కదిలేలా చేసే మనిషి ఒక్కతే ఉండేది. వయసు అరవైకి రెండు తక్కువ. అందరూ ఆమెను మేస్త్రమ్మ అనేవారు. కట్టుకున్న భర్త కూడా నలుగురిలో ఆమె ప్రస్తావన వస్తే "మా మేస్త్రమ్మ" అనే చెప్పేవాడు. ఆయన్ని లోకం మాస్టారు అనేది. ముప్పై ఏళ్ళు ఆర్కెస్ట్రాలో ట్రాంబోన్ వాయిస్తూ, సాయంత్రాలు సంగీత పాఠశాలలో పాఠాలు చెప్పినందుకు మిగిలిన పేరది.

మూడేళ్ళ కిందట మాస్టారు తడి మెట్ల మీద జారి కుడి భుజం మీద పడ్డాడు. విరిగిన ఎముక అతుక్కుంది గాని భుజం బిగుసుకుపోయింది. టీ కప్పు ఎత్తగలడు, చొక్కా గుండీలు పెట్టుకోగలడు. చెయ్యి ముందుకు చాపమంటే మాత్రం సగంలో ఆగిపోతుంది. ట్రాంబోన్‌కి అది చాలదు. ఆ వాయిద్యానికి మీటలుండవు. ముందువైపు రెండు గొట్టాలు కలిసి వంపు తిరిగిన పొడుగాటి స్లైడు ఒకటి ఉంటుంది. దాన్ని దగ్గరికి లాక్కుంటే స్వరం పైకి పోతుంది, దూరంగా తోస్తే కిందికి దిగుతుంది. స్లైడు ఆగే చోట్లు, అంటే పొజిషన్లు, ఏడు. ఏడోది దాదాపు రెండడుగుల దూరాన ఉంటుంది. మాస్టారి చెయ్యి నాలుగోది దాటేది కాదు.

"ముప్పై ఏళ్ళు ఊదాను, ఇక చాల్లే" అని ఆయన తన ట్రాంబోన్ పెట్టెను బీరువా మీదికి ఎక్కించేశాడు. ఆ మాట మనసులో ఒకటి పెట్టుకుని అన్నది కాదు. ఆయన ఏడుపుగొట్టు మనిషి కాదు. బాల్కనీలో మిరప మొక్కలు పెంచాడు, పేపర్లో పదకేళి పూర్తిచేశాడు, భార్య పనిగదిలో ఓ మూల కుర్చీ వేసుకుని ఆమె బిల్లులు రాసిపెట్టాడు. అయితే రేడియోలో ట్రాంబోన్ వినిపించినప్పుడల్లా ఆయన కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకున్న పేపరు మీద ముందుకూ వెనక్కూ జరిగేది. మేస్త్రమ్మ అది చూసేది, చూడనట్టు తన పని తాను చేసుకునేది.

ఒక సోమవారం ఉదయం సంగీత గ్రంథాలయం నుంచి లైబ్రేరియన్ వచ్చింది. ఎప్పుడూ పరుగుమీద ఉన్నట్టు మాట్లాడే మనిషి.

"మేస్త్రమ్మగారూ, మా కింది గదిలో పదకొండు ట్రాంబోన్లున్నాయండీ. పాత బట్టల మిల్లు బ్యాండువి. మిల్లు మూసేసేటప్పుడు తెచ్చి మాకు అంటగట్టారు. ఆ మిల్లు మేనేజరుకి వింత బాజాలంటే పిచ్చట. ఎక్కడ కనిపించినా కొనేసేవాడట. వాటిలో మామూలు ట్రాంబోన్‌లా ఉన్నది ఒక్కటంటే ఒక్కటి లేదు."

"ఇన్నాళ్ళకి ఇప్పుడు గుర్తొచ్చాయా అవి?"

"ప్రదర్శన పెడుతున్నామండీ. ఒక్కోదాని గురించీ మూడు సంగతులు కావాలి. అదేమిటి, ఎప్పటిది, వాయిస్తే ఎలా పలుకుతుంది."

"మొదటి రెండూ నేను చూసుకుంటా. మూడోది నావల్ల కాదు. నేను ఊదితే దూడ అరిచినట్టుంటుంది" అని మేస్త్రమ్మ భర్త వైపు చూసింది.

మాస్టారు పదకేళి మీంచి తలెత్తలేదు. "చిట్టిని పిలుద్దాం" అన్నాడు.

చిట్టి వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. పుట్టినప్పుడు అరచేతిలో ఇమిడిందని పెట్టిన ముద్దుపేరు. ఇప్పుడు ముప్పై నాలుగేళ్ళు, ఆరడుగులకు అంగుళం తక్కువ. ఆర్కెస్ట్రాలో తండ్రి ఖాళీ చేసిన కుర్చీలోనే కూర్చుంటోంది. ఏడో పొజిషను అందుకోవడానికి మిగతావాళ్ళు భుజం కూడా విసరాలి. చిట్టికి మోచెయ్యి చాపితే చాలు.

బుధవారం ముగ్గురూ గ్రంథాలయం కింది గదిలో చేరారు. పొడుగాటి బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి, దాని మీద పదకొండు వాయిద్యాలనూ వరసగా పెట్టారు. నలభై ఏళ్ళ దుమ్ము, పాత నూనె, చిలుము పట్టిన ఇత్తడి కలిసిన వాసన. మాస్టారు నోటుపుస్తకం తెరిచి, గీతలు గీసి, కలం మూత తీసి సిద్ధంగా కూర్చున్నాడు.

మేస్త్రమ్మ పద్ధతి మేస్త్రమ్మది. ముందుగా గొట్టం చివర పువ్వులా విచ్చుకున్న మూతి మీద తయారీదారు ముద్ర ఉందేమో చూసేది. ముద్ర అరిగిపోతే రేకు అతుకు ఎటువైపు పడిందో, మరలకు ఎన్ని చుట్లున్నాయో చూసేది. ఆ తర్వాత చూపుడువేలి గోరుతో రేకును మీటి చెవి దగ్గర పెట్టుకునేది. పలచటి పాత రేకు మోగే తీరు వేరు, దళసరి కొత్త రేకు మోగే తీరు వేరు.

మొదటిదానికి స్లైడే లేదు. దాని బదులు మూడు మీటలున్నాయి. "గుర్రాల మీద ఊరేగే బ్యాండుల కోసం చేసినవి ఇవి. ఒక చేత్తో కళ్ళెం పట్టుకోవాలి కదా" అంది మేస్త్రమ్మ. చిట్టి వాయించి చూసి, "శుభ్రంగా పలుకుతోంది నాన్నా. కానీ పళ్ళ బిగువున మాట్లాడే మనిషిలా ఉంది" అంది. మాస్టారు ఆ మాట ఉన్నదున్నట్టు రాసేశాడు.

రెండోదాని మూతి పాము తల. ఎర్రరంగు కళ్ళు, కోరలు, నోట్లో కదిలే రేకు నాలుక. చిట్టి ఊదగానే ఆ నాలుక గలగలమని కొట్టుకుంది. చిట్టికి నవ్వొచ్చి ఊపిరి తప్పింది. రెండోసారి ఊదబోతే మాస్టారికి నవ్వొచ్చింది. మూడోసారి మేస్త్రమ్మ నాలుకను వేళ్ళతో పట్టుకుంటే గాని స్వరం వినపడలేదు.

"ఎలా ఉందని రాయను?"

"చూడ్డానికి పులి, వినడానికి పిల్లి అని రాయండి" అంది చిట్టి.

మూడోది వెనక్కి తిరిగి ఉంది. భుజం మీంచి దాని మూతి వెనకవైపు చూస్తుంది, వెనక నడిచొచ్చేవాళ్ళకి వినపడేలా. నాలుగోది మరీ పొడుగు. దాని స్లైడుకు కర్రపిడి బిగించి ఉంది, ఎందుకంటే దాని చివరి చోటు ఎంతటి మనిషి చేతికీ అందదు. చిట్టికి కూడా పిడి లేకుండా అందలేదు. మాస్టారు సంబరపడిపోయి, "చూశావా, నీకూ అందనిది ఒకటుంది లోకంలో" అన్నాడు. ఆరోది జానెడు మూతితో బొమ్మలా ఉంది, దాని మీద సరైన స్వరం పట్టడం తీగ మీద నడిచినట్టే. ఎనిమిదోది మాత్రం చూపులకు వెలిసిపోయిన పాత వెండిపూత, నిండా సొట్టలు. వాయిస్తే మాత్రం స్వరం గదంతా నిండిపోయింది. చిట్టి దాన్ని కింద పెట్టలేక పెట్టింది. "అమ్మా, ఇది నాకిచ్చేస్తారేమో అడగవూ?" అంది, చిన్నప్పుడు బొమ్మల కొట్లో అడిగినట్టు.

గురువారం మధ్యాహ్నానికి పదీ పూర్తయ్యాయి. పదకొండోదాని మెడకు దారంతో కట్టిన కాగితం ముక్క వేలాడుతోంది. కిందటేడు ఎవరో నిపుణుడు వచ్చి చూసి వెళ్ళాడట. ఆయన రాసింది ఇది: "తయారీలో పొరపాటు. వాయించుటకు వీలుపడదు."

దానికి స్లైడులో రెండు గొట్టాల బదులు నాలుగున్నాయి. రెండు స్లైడులను పక్కపక్కన పెట్టి ఒకే పిడికి బిగించినట్టుంది. గాలి ముందుకు వెళ్ళి, వెనక్కి వచ్చి, మళ్ళీ ముందుకు వెళ్ళి, మళ్ళీ వెనక్కి రావాలి.

"జోడు గొట్టాలు ఉన్నవి లేకపోలేదు" అంది మేస్త్రమ్మ, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని. "బాగా పెద్దవాటికి, నేల అదిరేలా కింది స్వరాలు పలికేవాటికి పెడతారు. ఒంటి గొట్టమైతే గుమ్మం దాటి బయటికి తొయ్యాల్సొస్తుంది కాబట్టి. కానీ ఇది మామూలు సైజే. దీనికి జోడెందుకు? పైగా ఈ పని చూడండి. టంకం ముద్దలు ముద్దలుగా పోశాడు, ఉల్లిపాయల్లా ఉన్నాయి అతుకులు. ఎవడో చేతకానివాడు."

ముద్ర లేదు, అంకె లేదు. స్లైడు రాయిలా బిగుసుకుపోయి ఉంది. మేస్త్రమ్మ దాన్ని ఇంటికి తీసుకెళ్ళి రెండు రోజులు నూనెలో నానబెట్టింది. నాలుగు గొట్టాలూ ఒకదానికొకటి వెంట్రుకవాసి తేడా లేకుండా సమంగా ఉంటే తప్ప అది కదలదు. చిలుము వదిలాక ఆమె కొలిచి చూసింది. వెంట్రుకవాసి తేడా కూడా లేదు. చేతకానివాడి పని అలా ఉండదు కదా అని ఆమెకు అప్పుడే చిన్న అనుమానం వచ్చింది, కానీ పైకి అనలేదు.

శనివారం మళ్ళీ గ్రంథాలయం కింది గదిలో చిట్టి దాన్ని అందుకుంది. పావుగంట తంటాలు పడింది. ఒక్క పాట కూడా నాలుగు స్వరాలు దాటి ముందుకు సాగలేదు.

"నావల్ల కాదు నాన్నా. చెయ్యి ఇంత జరిపితే స్వరం అంత జరిగిపోతోంది. మెట్లు దిగుతుంటే ఎవరో మెట్ల ఎత్తు సగానికి తగ్గించేసినట్టుంది. ప్రతి అడుగూ తప్పుతోంది."

"మరేం రాయమంటావ్?"

"ఆ నిపుణుడు రాసిందే రాసెయ్యండి. ఆకలేస్తోంది, పైకెళ్ళి ఏమన్నా తిందాం రండి."

మాస్టారికి ఆకలి లేదు. తల్లీకూతుళ్ళు మెట్లెక్కి వెళ్ళారు. ఎదురుగా ఉన్న చిన్న హోటల్లో రొట్టె, పులుసు తిని, ఆర్కెస్ట్రాలో ఎవరెవరికి ఎవరితో పడటం లేదో ఆ కబుర్లన్నీ చెప్పుకుని, ముప్పావుగంట తర్వాత తిరిగొచ్చారు. కింది గది మెట్లు సగం దిగేసరికి చిట్టి ఆగిపోయి తల్లి చెయ్యి పట్టుకుంది.

కిందనుంచి ట్రాంబోన్ వినిపిస్తోంది. పిల్లల పాఠాలకు నేర్పే నెమ్మదైన పాట. రెండు స్వరాలు సరిగ్గా, మూడోది తప్పు. ఆగి, మళ్ళీ మొదటినుంచి. ఈసారి మూడోది కూడా సరిగ్గా. కింది స్వరాలు ముక్కుతో పలుకుతున్నట్టున్నాయి. కానీ ఆ ఊదే తీరు, స్వరం చివర మెల్లగా గాలి వదిలే తీరు, ఇద్దరికీ తెలిసినదే. చిట్టి ఆ తీరు వింటూనే పెరిగింది.

వాళ్ళు తలుపు దగ్గరికి వచ్చేసరికి మాస్టారు కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. ముఖం ఎర్రబడింది, చెమట పట్టింది. ఆయన చెయ్యి స్లైడును చివరిదాకా తోసింది. ఏడో పొజిషను. మోచెయ్యి ఇంకా వంగే ఉంది.

"ఏవండీ" అంది మేస్త్రమ్మ.

ఆయన వాయిద్యం ఒళ్ళో పెట్టుకుని ఊపిరి పీల్చుకున్నాడు. "ఇది పొరపాటు కాదు. గొట్టాలు జోడైతే చెయ్యి జరగాల్సిన దూరం సగమైపోతుంది. రెండడుగుల పని అడుగులో అయిపోతుంది. చెయ్యి చాపలేని మనిషి కోసమే చేశారిది. కావాలనే చేశారు."

"మీకెలా తెలుసు నాన్నా?"

"నా భుజం చెప్పింది. నువ్వు బారెడు చేతులున్నదానివి, నీకెలా తెలుస్తుంది? పాపం ఆ నిపుణుడికీ చేతులు బాగానే ఉండుంటాయి."

చిట్టి నవ్వబోయి, కళ్ళు తుడుచుకుంది. మేస్త్రమ్మకు ఏం చెయ్యాలో తోచక చేతులకు నూనె అంటిందన్న వంకతో పక్కనున్న చేతులు కడుక్కునే గదిలోకి వెళ్ళింది. పాతకాలం భవనం. కుళాయి తిప్పి చేతులు కడుక్కుంటూ, సబ్బు జారి పడితే తీసుకోవడానికి కిందికి వంగింది. బేసిన్ కింద సీసం పైపు ఒకటి గోడలోకి పోతోంది. రెండు పైపులు కలిసిన చోట ఉల్లిపాయలా నున్నగా ఉబ్బిన అతుకు.

ఆమె తడి చేతులతోనే గదిలోకి పరుగెత్తుకొచ్చింది.

"చేతకానివాడు కాదండీ! పైపుల మేస్త్రి! కరిగిన సీసాన్ని గుడ్డతో తుడుస్తూ అతుకు పెడతారు వాళ్ళు. ఇలా గుండ్రంగా రావడానికి ఏళ్ళ సాధన ఉండాలి. నేను బాజాల పని అనుకుని చూశాను కాబట్టి మొరటుగా కనిపించింది. ఇది నీళ్ళ పైపులు వేసే మనిషి చేసిన ట్రాంబోన్."

లైబ్రేరియన్‌ను పిలిచారు. ఆమె విషయం సగం విని, మిగతా సగం వినకుండానే పైకి పరుగెత్తి, మిల్లు బ్యాండు ఫోటోలున్న అట్టపెట్టె తెచ్చింది. మేస్త్రమ్మ భూతద్దంతో ఒక్కొక్కటే చూసింది. అయిదో ఫోటోలో దొరికింది. ట్రాంబోన్ల వరసలో నలుగురు నిలబడి ఉన్నారు. ముగ్గురి స్లైడులు బారుగా ముందుకు చాచి ఉన్నాయి. నాలుగో మనిషి, సన్నగా, కోరమీసాలతో, జోడు గొట్టాల వాయిద్యం పట్టుకుని ఉన్నాడు. కుడి మోచెయ్యి విరిగిన కొమ్మలా మడిచి ఉంది. ఫోటో వెనక ఎవరో పెన్సిలుతో మనుషులను పనుల పేర్లతో రాశారు. మగ్గాల ఫిట్టరు, గేటు గుమాస్తా, రంగుల సెక్షను. నాలుగో మనిషికి రాసింది: "పైపుల మేస్త్రి తమ్ముడు."

లైబ్రేరియన్ ఆ ఫోటోను పెద్దది చేయించి గ్రంథాలయం గుమ్మం దగ్గర అంటించింది. ఈయన తెలిసినవాళ్ళు దయచేసి లోపలికి రండి అని కింద రాసింది. తొమ్మిది రోజులు ఎవరూ రాలేదు. పదో రోజున చేతికర్ర పట్టుకున్న ఒక పెద్దావిడ వచ్చింది. డెబ్భై ఎనిమిదేళ్ళు. పోస్టాఫీసులో పనిచేసి రిటైరయింది. ఉత్తరాలు చూసి చూసి అలవాటైన కళ్ళతో ఫోటోను పైనుంచి కిందిదాకా చదివి, "ఈయన మా నాన్న. పైపుల మేస్త్రి మా పెదనాన్న" అంది.

మేస్త్రమ్మ, మాస్టారు, చిట్టి కబురందగానే వచ్చారు. పెద్దావిడను బల్ల దగ్గర కూర్చోబెట్టి వాయిద్యం ముందు పెడితే, ఆమె ఒక్క క్షణం చూసి పకపకా నవ్వింది.

"ఇది ఇంకా బతికే ఉందా! దీని కోసం మా ఇంట్లో ఎన్ని రభసలు జరిగాయో మీకేం తెలుసమ్మా."

"మీ నాన్నగారి చేతికి ఏమైందండీ?" అని అడిగాడు మాస్టారు.

"మిల్లులో బెల్టు లాగేసింది బాబూ. నాకప్పుడు ఆరేళ్ళు. ప్రాణం దక్కింది గాని మోచెయ్యి అలా మడిచినట్టే ఉండిపోయింది. అంతకుముందు బ్యాండులో ఈయనే పెద్ద వాయిద్యగాడు. మానేశాక సాయంత్రం పూట ఏం చెయ్యాలో తెలిసేది కాదు. బ్యాండు వీధిలో వెళ్తుంటే లోపలికొచ్చి కిటికీ మూసేసేవాడు. మా పెదనాన్న అది చూళ్ళేకపోయాడు. ఆయనకి సంగీతమంటే ఓనమాలు తెలియవు. తాళం వేస్తే తప్పేవాడు. కానీ పైపు అంటే తెలుసు."

ఆమె తన చేతికర్రను బల్లకు ఆనించి, రెండు చేతులతో దూరం చూపించింది.

"ఒకరోజు మిల్లునుంచి నూలు దారం తెచ్చాడు. నాన్న చెయ్యి ఎంతవరకూ పోతుందో కొలిచాడు. పదమూడంగుళాలు. 'ఒరేయ్ తమ్ముడూ, పదమూడంగుళాలు చాల్లేరా, నీకు కావలసినవన్నీ అందులోనే ఇరికిస్తా' అన్నాడు. నాన్నకి కోపమొచ్చింది. 'ఇదేమన్నా నీళ్ళ తొట్టా అన్నయ్యా' అన్నాడు. పెదనాన్న ఊరుకుంటాడా? పాత ట్రాంబోన్ ఒకటి విప్పదీసి పైపుల షెడ్డులో కూర్చున్నాడు. మొదటిది కదల్లేదు. రెండోది కదిలింది గాని గాలి కారేది. మూడోది ఇదిగో."

"వాయించడం మళ్ళీ నేర్చుకున్నారా?" అంది చిట్టి.

"నేర్చుకున్నాడా అంటావా? ఏడాదిపాటు మేం ఇంట్లో చెవుల్లో దూది పెట్టుకున్నాం. అన్నీ కొత్తే కదా, ఎక్కడ ఏ స్వరముందో వెతుక్కోవాలి. అమ్మ బయట అరుగు మీద కూర్చుని వంటకి కూరలు తరుక్కునేది. ఆ తర్వాత బ్యాండులో చేర్చుకున్నారు. బాగా వాయించేవాడా అంటే, కింది స్వరాలు అంత బాగా వచ్చేవి కావు. అబద్ధం ఎందుకు? కానీ వేగంగా వాయించే పాట వచ్చిందా, అందరికన్నా ముందు మా నాన్నే పూర్తిచేసేవాడు. చెయ్యి జరిగే దూరం సగమే కదా! బ్యాండు మాస్టరు, 'అయ్యా, మా అందరితో కలిసి ఇంటికెళ్దువుగాని, కాస్త ఆగు' అని తిట్టేవాడట."

నలుగురూ కడుపు పట్టుకుని నవ్వారు. నవ్వు ఆగాక పెద్దావిడ ఉల్లిపాయలాంటి అతుకు ఒకదాన్ని బొటనవేలితో నిమిరింది. "ఇరవై రెండేళ్ళు వాయించాడు. పెదనాన్న పోయిన రోజున కూడా వాయించాడు. ఆ రోజు మాత్రం నెమ్మదిగా వాయించాడు" అంది.

మాస్టారు తన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "మీకు వినాలనుందా అండీ?" అని అడిగి, ఆమె తల ఊపాక వాయిద్యం ఎత్తుకున్నాడు. ఆ పది రోజులూ ఆయన లైబ్రేరియన్‌ను బతిమాలి రోజూ గంటసేపు ఆ కింది గదిలో కూర్చుంటున్నాడు. పాఠాల పాట దాటి ముందుకొచ్చాడు. ఒక హుషారైన నడక పాట మొదలుపెట్టి, మధ్యలో రెండు చోట్ల తడబడి, ఆపకుండా చివరిదాకా తీసుకెళ్ళాడు. పెద్దావిడ కర్రతో నేల మీద తాళం వేసింది. సరిగ్గా వేసింది.

"మా నాన్నకన్నా బాగుంది. కానీ ఇంకా నెమ్మదే" అని తీర్పు చెప్పింది.

ప్రదర్శన మొదలైన రోజున గది నిండా జనం. పాము తల ముందర పిల్లలు గుంపుకట్టారు. ఎనిమిదోదాన్ని చిట్టి వాయిస్తే చప్పట్లు ఆగలేదు. పదకొండోదాన్ని మాస్టారు వాయించాడు. చప్పట్లు మరీ అంత రాలేదు గాని, ముందు వరసలో కూర్చున్న పెద్దావిడ పక్కవాళ్ళందరికీ పదమూడంగుళాల కథ చెబుతూనే ఉంది.

అంతా అయ్యాక ఆ వాయిద్యం అద్దాల పెట్టెలోకి వెళ్ళిపోయింది. గ్రంథాలయం సొత్తు, ఇంటికి తెచ్చుకోవడానికి లేదు. మాస్టారు ఇంటికొచ్చి మిరపమొక్కలకు నీళ్ళు పోశాడు. "ముచ్చట తీరిందిలే" అన్నాడు.

మర్నాడు ఆయన బజారుకి వెళ్ళినప్పుడు మేస్త్రమ్మ కుర్చీ వేసుకుని బీరువా మీంచి పెట్టె దించింది. పనిగదిలో బల్ల మీద ఆయన ట్రాంబోన్ విప్పి, స్లైడు పక్కన పెట్టి, కొత్త ఇత్తడి గొట్టాలు కోసింది. ఆయన తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అది నా వాయిద్యమే!"

"మూడేళ్ళుగా బీరువాది. కదలకండి, మీ చెయ్యి ఎంత వస్తుందో చూడాలి."

పధ్నాలుగంగుళాలు వచ్చింది. "చూశారా, ఆయనకన్నా మీకు ఒక అంగుళం ఎక్కువ. నాకు పని తేలిక" అంది.

తేలికేం కాలేదు. మూడు నెలలు పట్టింది. నాలుగు గొట్టాలను సమంగా నిలబెట్టడం ఎంత కష్టమో చేస్తే గాని తెలియలేదు. మొదటిసారి కట్టింది రెండు పొజిషన్ల తర్వాత పట్టేసింది. ఆమె అంతా విప్పి, ఒక ఆదివారం పైపుల పని చేసే ముసలి మేస్త్రి ఒకాయన్ని వెతుక్కుంటూ వెళ్ళి, గుడ్డతో అతుకు తుడవడం ఎలాగో చూపించమంది. ఆయన ముక్కు మీద వేలేసుకున్నాడు. నలభై ఏళ్ళలో ఆ పని నేర్పమని వచ్చినవాళ్ళు లేరు. చూపించాడు. ఆమె వేళ్ళు రెండు చోట్ల కాలాయి. నాలుగు గొట్టాలనూ కలిపే చోట టంకం పలచగా పెడితే వంగిపోతోందనీ, ఇలా దళసరిగా పెడితే స్థిరంగా నిలుస్తుందనీ ఆమెకు అప్పుడు అర్థమైంది. ఆ పైపుల అన్నగారు ఎంత ఆలోచించి చేశాడో కూడా అర్థమైంది.

పూర్తయ్యాక మాస్టారు దాన్ని ఎత్తుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తన వాయిద్యమే, కానీ బరువెక్కింది. ఊదాడు. మూతి పాత మూతే కాబట్టి పాత గొంతే పలికింది. కింది స్వరాలు కొంచెం ముక్కుతో. ఆయన పడకగదిలోకి వెళ్ళి తలుపేసుకుని గంటసేపు రాలేదు. మేస్త్రమ్మ కాలిన వేళ్ళకు మందు రాసుకుంటూ వింది. ఆమెకు సంగీతం అంతగా తెలియదు. గాలి ఎక్కడా కారడం లేదని మాత్రం తెలిసింది.

సంగీత పాఠశాల వెనక హాల్లో మంగళవారం మధ్యాహ్నాలు రిటైరైన వాయిద్యగాళ్ళు పద్దెనిమిది మంది చేరి బ్యాండు వాయించుకుంటారు. మోకాళ్ళ నొప్పులూ మందుల చీటీలూ ఒక అరగంట మాట్లాడుకుని, మిగతా సమయం వాయిస్తారు. మాస్టారు పెట్టె పట్టుకుని వెళ్ళేసరికి వాళ్ళంతా ఆ నాలుగు గొట్టాల చుట్టూ మూగారు. ఒకాయన "ఇదెక్కడి కాకా హోటలు స్టవ్వయ్యా" అన్నాడు. ఎవరు చేశారో చెప్పాక తనకూ చెయ్యి సరిగా లేవదనీ, మేస్త్రమ్మ కొత్త పనులు ఒప్పుకుంటుందా అనీ అడిగాడు.

సాయంత్రం మాస్టారు ఇంటికొచ్చేసరికి పై పెదవి వాచి ఉంది. చొక్కా వీపున తడిసిపోయింది.

"ఎలా జరిగింది?" అంది మేస్త్రమ్మ.

"మూడో వరసలో కూర్చోబెట్టారు. ముప్పై ఏళ్ళు మొదటి వరసలో కూర్చున్నవాణ్ణి నేను!"

"కోపమొచ్చిందా?"

"రాకేం? వచ్చే మంగళవారం కాస్త ముందు వెళ్ళి రెండో వరసలో కుర్చీ పట్టేస్తా." ఆయన కుర్చీలో కూలబడి బూట్లు విప్పుకుంటూ, పెదవి నొప్పి పుడుతున్నా ఈల వేయడానికి ప్రయత్నించాడు. రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు.

"ముందు అన్నం తినండి" అంది మేస్త్రమ్మ. "ఆకలేస్తోందా?"

"ఏనుగు ఆకలేస్తోంది" అన్నాడాయన.